వరండాలో మంచం

దీపావళి వెళ్ళిన మర్నాడు పొద్దున సుమతి నేల మీద కూర్చుని సంచి సర్దుతుంటే, ఇంట్లో పనిచేసే మంగ పక్కన నిలబడి ఒక్కో వస్తువూ అందిస్తోంది. బట్టల పెట్టెలు అప్పటికే కారెక్కాయి. ఇది దోమల సంచి. ఒంటికి రాసే క్రీము గొట్టాలు, గౌను మీద అంటించే బొమ్మల స్టిక్కర్లు, ప్లగ్గులో పెట్టే మందు సీసాలు, రాత్రంతా చార్జింగ్ పెట్టిన దోమల బ్యాటు. అన్నిటికంటే అడుగున, మడిస్తే పళ్ళెమంత అయిపోయి విప్పితే మంచాన్నంతా కప్పేసే తెర.

"ఇంకేమైనా మర్చిపోయామా మంగా?"

"అన్నీ వచ్చినయమ్మా."

సుమతి భర్త నాగభూషణం కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ గుమ్మంలోంచి చూసి నవ్వాడు. "మనం అడవి చూడ్డానికి వెళ్తున్నామా, అక్కడ మందుల కొట్టు పెట్టడానికా?"

సుమతి తల ఎత్తలేదు. మంగకీ నవ్వు రాలేదు. పోయిన వానాకాలం వాళ్ళ కూతురు కోమలికి డెంగ్యూ వచ్చి ఆస్పత్రిలో పడుకున్నప్పుడు, సూది గుచ్చిన ఆ చిన్న చెయ్యి కదలకుండా పట్టుకుని కూర్చుంది తనే. అప్పట్నుంచీ సుమతికి చెవి దగ్గర దోమ చప్పుడైతే చాలు, ముఖం పాలిపోతుంది. ఈ ప్రయాణం ఆమెకు ఇష్టం లేదు. నాగభూషణం సూరత్ పక్కన హజీరాలో పెద్ద ప్లాంటులో మేనేజరు. ఏడాది పొడుగునా ఆ గొట్టాలూ పొగలే చూస్తున్నానని, ఈ సెలవులకి డాంగ్ అడవులు తిరిగి సాపుతారా కొండ మీద తేలాల్సిందేనని పట్టుబట్టాడు. సరే, మంగ కూడా వస్తేనే అంది సుమతి. "నువ్వు లేకపోతే అది అన్నం తినదు మంగా. నాలుగు రోజులే."

ఆ నాలుగు రోజులూ మంగకి తక్కువవి కావు. ఆమె మొగుడు లింగం జోల్వాలో మరమగ్గాల సాంచెలు నడుపుతాడు. కార్ఖానాలోనే పడుకుని, ఆదివారానికోసారి లింబాయత్‌లో ఉన్న ఒంటి గది ఖోలీకి వస్తాడు. సాంచెలు బందయ్యేది దీపావళికే. ఆ మాట చెప్పి తప్పించుకుందామనే వెళ్ళింది మంగ. వెళ్ళాక, కోమలి వచ్చి కాళ్ళు చుట్టేసుకునేసరికి చెప్పలేకపోయింది. ఇంటికొచ్చి చెబితే లింగం, "ఏడాదికి ఒక్కపారి నేను నాలుగు దినాలు ఇంట్ల ఉంటె నువ్వు అడివి పట్టుకపోతవా?" అని నవ్వాడు. నవ్వి, గోడ వైపు తిరిగి కూతురు సంతోషికి జడ వేయడం మొదలుపెట్టాడు. వెంట్రుకలు చిక్కుపడి పిల్ల అబ్బా అంటున్నా ఇటు తిరగలేదు.

బార్డోలి దాటాక చెరుకు తోటలు, వ్యారా దాటాక టేకు చెట్లు మొదలయ్యాయి. నాగభూషణం అద్దాలు దించుతాడు, సుమతి ఎక్కిస్తుంది. "అడవి గాలి సుమతీ, డబ్బిచ్చినా దొరకదు" అంటాడు ఆయన. "దొరక్కపోతే పీడా పోయింది" అంటుంది ఆమె. మధ్య సీట్లో కోమలి మంగ ఒళ్ళో కాళ్ళు పెట్టుకుని పాట పాడుతోంది. కారు ఆగిన ప్రతిచోటా, పిల్ల కాలు కింద పెట్టకముందే మంగ క్రీము రాయాలి. ఆమె రాసే తీరు వేరు. ముందు అరచేతుల్లో రుద్ది వెచ్చబెడుతుంది. తర్వాత కాలివేళ్ళ సందులు, మోకాలి వెనక మడత, సాక్సు ఎలాస్టిక్ కింద గుండ్రంగా, చెవుల వెనక. చెంపలకి రాసేటప్పుడు పిల్ల కళ్ళు మూసుకుని ముఖం చాపుతుంది. మిగిలిన జిడ్డు మంగ చీర అంచుకి తుడుచుకునేది. అది తన చేతులకి రాసుకోవచ్చని ఆమెకి తోచలేదు. ఎవరికీ తోచలేదు.

*

అడవి మధ్యలో నది ఒడ్డున కట్టిన వెదురు కుటీరాలు అవి. వానలు ఈసారి ఆలస్యంగా ఆగడంతో గడ్డి ఇంకా నడుం లోతు ఉంది. నేలంతా తడి వాసన. కుటీరంలో ఒక గది, దానికి ముందు మూడు వైపులా తెరిచి ఉన్న వరండా. వరండాలో నవారు మంచం ఒకటి, చుట్టూ పట్టుకోవడానికి వెదురు కమ్మీ తప్ప గోడ లేదు. పొద్దు వాలుతుంటే నది మీద నుంచి దోమలు గుంపులుగా లేచాయి. వాటికి తోడు కంటికి సరిగ్గా ఆనని నల్లటి ఈగలు, వాలినట్టే తెలియదు, లేచాక మంట పుడుతుంది.

సుమతి గదిలోకి పరిగెత్తి కిటికీలు మూసింది. మంగ ప్లగ్గులో మందు పెట్టి, మంచం మీద తెర విప్పి, అంచులు పరుపు కిందికి దోపింది. మూలలన్నీ చేత్తో తడిమి చూసింది. కోమలికి అందులో కూర్చోబెట్టే అన్నం తినిపించింది. పిల్లకిదంతా ఆటలా ఉంది. "మంగక్కా, నువ్వు కూడా రా, అందర్ ఆ జా!" అంటూ తెర లోపలి నుంచి వేళ్ళు ఊపుతోంది.

పళ్ళేలు కడిగి వచ్చిన మంగ గుమ్మం దగ్గర ఆగింది. "అమ్మా, ఈడ మచ్ఛర్ బత్తి గిట్ల ఏమన్న దొరుకుతదా? బయట జర ఎక్కువున్నయి."

సుమతి చేతిలో బ్యాటుతో గది మధ్య నిలబడి ఉంది. మంగ ముఖం చూసింది, వరండా వైపు చూసింది. ఏదో లెక్క చూసుకుంటున్నట్టు ఆమె కళ్ళు గదంతా తిరిగాయి. "పొగ కోమలికి పడదు కదే. దగ్గు పట్టుకుంటే... లోపల కింద పడుకుంటావా అంటే, నువ్వు లేచి తిరిగినప్పుడల్లా తలుపు తియ్యాలి..."

మంచం మీద ఫోనులో ఫోటోలు చూసుకుంటున్న నాగభూషణం తల తిప్పకుండానే అన్నాడు. "వాళ్ళకి అలవాటే సుమతీ. ఆ మురుగు ఖాడీ పక్కన ఉండేవాళ్ళు. అక్కడి దోమల ముందు ఇవెంత?"

ఆయన మాటలో కోపం లేదు, ఎగతాళీ లేదు. వాన పడుతోందని చెప్పినట్టు చెప్పాడు. మా ఇంట్ల మేమెట్ల పంటమో మీరెన్నడన్న చూసిండ్రా సారూ అని మంగ నోటిదాకా వచ్చింది. ఆమె చూపు సుమతి మీదే ఉంది. అమ్మగారు ఒక్క మాట అంటే చాలు. సుమతి, "దుప్పటి ఇంకోటి తీసుకో, నిండా కప్పుకో" అని, చల్లటి గాలి వెళ్ళిపోతుందన్నట్టు తలుపు గబగబా వేసేసింది. లోపల గడియ పడిన చప్పుడైంది.

తెల్లవారేసరికి మంగ ఎడమ కన్ను సగమే తెరుచుకుంది. పెదవి ఒక పక్కకి ఉబ్బింది. చేతులు, మెడ, పాదాల పైభాగం ఎర్రగా దద్దుర్లు తేలి ఉన్నాయి. దుప్పటి కప్పుకుంటే ఉక్క, తీస్తే కాట్లు. గోకిన చోటల్లా రక్తం గడ్డకట్టింది. ఆమె నల్లా దగ్గర నీళ్ళు కొట్టుకుంటుంటే కోమలి తలుపు తీసుకుని పరిగెత్తుకొచ్చింది. అక్కను చూసి ఆగిపోయింది.

"తనే మచ్ఛర్ కరడ్యా మంగక్కా?" దోమలు కుట్టాయా అని. సూరత్‌లో పుట్టిన పిల్లకి దిగులేస్తే గుజరాతీనే వస్తుంది. "నొప్పా? నేను ఊదనా?"

"ఏం గాలే బిడ్డా. రా, మొగం కడుగుత." మంగ చేతులు చాపింది.

"కోమలీ!" గుమ్మంలోంచి సుమతి అరుపుకి ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఆమె ఒక్క అంగలో వచ్చి పిల్లని వెనక్కి లాగింది. మంగ ముఖాన్ని అప్పుడు చూసింది. చూసి, పిల్లని ఇంకో అడుగు వెనక్కి జరిపింది. "అయ్యో మంగా... ఏంటే ఇది." ఆమె గొంతులో జాలి ఉంది. కానీ చేతులు మాత్రం కోమలి భుజాల మీద బిగుసుకుపోయి ఉన్నాయి. "ఇవాళ్టికి నువ్వు దాన్ని ఎత్తుకోకు. పక్కన కూర్చోకు. ఏమనుకోకు మంగా. నిన్ను కుట్టిన దోమే దాన్ని కుడితే... నీకు తెలుసు కదా, అప్పుడు ఎంత పడ్డామో."

మంగకి తెలుసు. తెలుసు కాబట్టే చాపిన చేతులు దించుకుంది.

ఆ రోజు క్రీము సుమతే రాసింది. హడావిడిగా, పైపైన రాసింది. మోకాలి వెనక వదిలేసింది, చెవుల సంగతే తలుచుకోలేదు. మెట్టు మీద కూర్చున్న మంగ చూస్తూ, అక్కడమ్మా, ఆ సందుల అని రెండుసార్లు చెప్పబోయి ఊరుకుంది. జలపాతం చూడటానికి వెళ్ళినప్పుడు మంగ వెనక సంచి మోసుకుంటూ నడిచింది. పిల్ల మాటిమాటికీ వెనక్కి తిరుగుతోంది. సుమతి ఆ చెయ్యి వదలడం లేదు. నీళ్ళ ముందు నిలబెట్టి ఫోటో తీస్తూ నాగభూషణం ఫోను దించాడు. "మంగా, కొంచెం పక్కకి జరుగు. వెనకాల నువ్వు పడుతున్నావు." మంగ జరిగింది. ఇంకా అంటే ఇంకా జరిగింది. నాగ్లీ అనే రాగి రొట్టెలు కాల్చే ముసలామె పొయ్యి దాకా వెళ్ళి, ఆ పొగలో కూర్చుంది. అక్కడే కాసేపు ఏదీ కుట్టకుండా ఉంది. ఫోను తీసి చూస్తే సిగ్నల్ లేదు. సంతోషి ఈపాటికి వీధిలో మిగిలిన టపాకాయలు ఏరుకుంటూ ఉంటుంది. లింగం అరుగు మీద కూర్చుని పిల్ల చేతులు కాల్చుకోకుండా చూస్తూ ఉంటాడు. చూస్తున్నాడో, పడుకున్నాడో. పగటి పూట ఇంట్లో ఉన్న మనిషి ఏం చేస్తాడో ఆమెకి సరిగ్గా తెలియదు.

సాయంత్రం ఆమె అడిగేసింది. గదిలోకి అడుగు పెట్టకుండా గుమ్మం బయటే నిలబడి, మాట తడబడకుండా అడిగింది. "అమ్మా, ఇయ్యాల లోపట కింద పండుకుంట. మూలకు ఒరుగుత. రాత్రి లేచి తలుపు తియ్య."

సుమతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి మంగ, ఒప్పుకుంటుందనే అనుకుంది.

"నిన్ననే ఉండమనాల్సింది మంగా. ఇవాళ ఎలా? ఈ ఒంటితో నువ్వు గదిలో ఉంటే నాకు కంటి మీద కునుకు పట్టదు." క్రీము గొట్టం తీసి ఇవ్వబోయి, నొక్కి చూసింది. "కాస్తే ఉంది. రేపు కోమలికి ఉంచి మిగతాది నువ్వు రాసుకో."

మంగ ఆ గొట్టం తీసుకోలేదు. "ఉండనియ్యుండ్రి, బిడ్డకుండనియ్యుండ్రి" అని వరండాలోకి వెళ్ళింది. నిన్న దోమలు కుట్టేలా బయట పడుకోబెట్టారు. ఇవాళ దోమలు కుట్టాయని బయట పడుకోబెడుతున్నారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఆలోచిస్తే ఆమెకి కోపం కాదు, ఒక విధమైన ఆశ్చర్యం కలిగింది. ఏడ్పు కూడా వచ్చేదేమో గాని, కన్ను ఉబ్బి ఉండటంతో నీళ్ళు మండాయి.

*

మర్నాడు కుటీరం ఖాళీ చేసేటప్పటికి ఆమెకి చలి మొదలైంది. కారులో చివరి సీటు, సామాన్ల పక్కన ఆమెకి చోటిచ్చారు. ఘాట్ రోడ్డు మలుపుల్లో తల పెట్టెకి కొట్టుకుంటోంది. ముందు సీట్లలో గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. కొంచెం వినబడుతోంది, కొంచెం లేదు. సాపుతారాలో రూము. అక్కడ చలి, దోమలుండవు. కానీ ఈ మనిషి... సూరత్ బస్సు. పాపం. పాపమే, కానీ కోమలి సంగతి?

తాలూకా ఊళ్ళో బస్టాండు ముందు కారు ఆగింది. సెలవులు కావడంతో బస్టాండు కిక్కిరిసి ఉంది. జనం కిటికీల్లోంచి సంచులు, తువ్వాళ్ళు విసిరి సీట్లు పట్టుకుంటున్నారు. నాగభూషణం దిగి వెనక తలుపు తీశాడు.

"దిగు మంగా. ఇక్కణ్ణుంచి సూరత్‌కి నేరుగా బస్సుంది. ఎక్కి కూర్చుంటే చీకటి పడకముందే ఇంట్లో ఉంటావు. హాయిగా రెస్టు తీసుకో."

సుమతి కూడా ముందు సీట్లోంచి దిగి వచ్చింది. చేతిలో నీళ్ళ సీసా, బిస్కెట్ల పొట్లం, జ్వరం మాత్రలు ఉన్నాయి. "ఇంటికెళ్ళగానే ఫోన్ చెయ్యి" అంటోంది గాని, మంగ ముఖం వైపు చూడటం లేదు.

మంగ దిగింది. తలుపు పట్టుకునే నిలబడింది, ఎందుకంటే నేల ఆమె కాళ్ళ కింద మెల్లగా ఒక పక్కకి ఒరుగుతోంది. కదలబోతున్న బస్సు తలుపుకి వేలాడుతున్న మనుషుల్ని చూసింది. లోపల మధ్య సీట్లో కోమలి అద్దానికి ముక్కు ఆనించి చూస్తోంది. పిల్ల ఏడవడం లేదు. ఎవరినైనా ఇలా దించేసి వెళ్ళవచ్చునని ఆ పిల్ల ఇప్పుడు నేర్చుకుంటోంది.

"సారూ, నాకు కాళ్ళు నిలుస్తలేవు."

"సీటు నేను చూసి కూర్చోబెడతాను..."

మంగ ఆయన మాట పూర్తయ్యేదాకా ఆగలేదు. తలుపు వదిలి, కారు పక్కనే చెయ్యి ఆనించుకుంటూ నాలుగడుగులు ముందుకి నడిచింది. సుమతి దిగిన ముందు తలుపు ఇంకా తెరిచే ఉంది. ఎక్కి కూర్చుంది. చీర కుచ్చిళ్ళు లోపలికి లాక్కుని తలుపు వేసుకుంది. ఆ సీట్లో ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. ముందున్న అద్దం అంత వెడల్పుగా ఉంటుందని ఆమెకి తెలియదు.

"మంగా!" అంది సుమతి కిటికీ దగ్గరికి వచ్చి.

"పిల్ల పక్కన నన్ను కూసోవద్దన్నరు గదమ్మా. మీరు దాని దగ్గర కూసోండ్రి." ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. "బస్సు ఎక్క నేను. మీతోటి వచ్చిన, మీతోటే పోత. ముందుగాల దవాఖానకు పోనియ్యుండ్రి."

నాగభూషణం నవ్వబోయాడు. "అది కాదు మంగా, సాపుతారాలో..."

వెనక బస్సు హారను కొట్టింది. ఆగకుండా కొట్టింది. డ్రైవరు తల బయటపెట్టి గుజరాతీలో తిడుతున్నాడు. పల్లీలు అమ్మేవాడు, టీ తాగేవాళ్ళు అందరూ కారు వైపు తిరిగారు. నాగభూషణం మెడ ఎర్రబడింది. సుమతి నీళ్ళ సీసా గుండెకి ఆనించుకుని ఒక క్షణం రోడ్డు మీదే నిలబడి, తర్వాత మధ్య తలుపు తీసుకుని కోమలి పక్కన కూర్చుంది. మొగుడితో అంది, "పోనివ్వండి. ఆస్పత్రి ఎక్కడో అడగండి."

*

చిన్న ఆస్పత్రే, కానీ మంచాలన్నీ నిండి ఉన్నాయి. అంతా వానల తర్వాతి జ్వరాలు. కుర్ర డాక్టరు మంగ చేతులు తిప్పి తిప్పి చూశాడు. గోకిన చోట్ల చీము పట్టిందని, ఒంట్లో నీరు తగ్గిపోయిందని హిందీలో చెప్పాడు. రక్తం పరీక్షకి పంపాడు.

"డెంగ్యూనా డాక్టర్?" అని సుమతి అడిగింది. "మా పాప కూడా అక్కడే ఉంది."

"ఈ రెండ్రోజుల కాట్లకి డెంగ్యూ ఇంత తొందరగా బయటపడదు. పరీక్షలో తెలుస్తుంది. ఇప్పుడైతే ఈ పుళ్ళకే జ్వరం వచ్చినట్టుంది." ఆయన మంగ మోచెయ్యి మంచం మీద పెట్టాడు. "ఇన్ని కాట్లు ఎలా పడ్డాయి? ఎక్కడ పడుకుంది?"

జవాబు కోసం ఆగే తీరిక ఆయనకి లేదు, పక్క మంచానికి వెళ్ళిపోయాడు. సెలైను తగిలించిన నర్సు చీటీ రాస్తూ, "ఎనీ సాథే కోణ్ ఛే?" అని అడిగింది. ఆమెతో ఎవరున్నారని.

నాగభూషణం సుమతి వైపు చూశాడు. నర్సుతో మర్యాదగా మొదలుపెట్టాడు. ఈమె మా ఇంట్లో పని చేస్తుంది, వాళ్ళ వాళ్ళకి కబురు చేస్తాం, ఖర్చు సంగతి మేం చూసుకుంటాం, మేం వెళ్ళాల్సిన...

"వీళ్ళే," అంది మంగ హిందీలో, దిండు మీంచి తల ఎత్తకుండా. "నాతో వచ్చింది వీళ్ళే."

నర్సు ఇద్దరినీ చూసి, సుమతికి ఇనప స్టూలు చూపించింది. "మీరు కూర్చోండి. సీసా అయిపోవచ్చినప్పుడు పిలవాలి. ఆడవాళ్ళ వార్డు, సార్ బయటికెళ్ళాలి."

నాగభూషణం కోమలిని తీసుకుని కారు దగ్గరికి వెళ్ళాడు. సుమతి కూర్చుంది. కిటికీకి జాలీ ఒక మూల చిరిగి ఉంది. ఆమె ఆ చిరుగునే చాలాసేపు చూసింది. తర్వాత చూపు మంగ చేతి మీదికి వచ్చింది. దద్దుర్లలో ఎక్కడ సూది పెట్టాలో తెలియక నర్సు మణికట్టు పక్కన పెట్టింది. ఆ చెయ్యి జారిపోతుంటే సుమతి పట్టుకుంది. వేడిగా కాలుతోంది. వదలబోయి వదల్లేదు.

"అమ్మా. మా సంతోషి నాయినకు ఫోన్ జెయ్యుండ్రి."

"నువ్వు మాట్లాడతావా? కలిపి ఇవ్వనా?"

"నాకు నోరు ఎండుకపోయింది. మీరే చెప్పుండ్రి."

ఫోను వెంటనే ఎత్తాడు. లింగం గొంతు చిన్న వార్డులో మంచం దాకా వినబడుతోంది. వెనక పిల్లల అరుపులు, ఏదో టపాకాయ పేలిన చప్పుడు. నమస్తే అమ్మా, మంగ మంచిగున్నదా అన్నాడు.

"మంగకి కొంచెం జ్వరం వచ్చింది లింగం. ఆస్పత్రిలో చూపించాం. భయం లేదన్నారు."

"జెరమా? మంచిగనే పోయె గదా. ఎట్లచ్చిందమ్మా?"

"దోమలు కుట్టాయి. బాగా కుట్టాయి."

"దోమలా?" లింగం నమ్మలేనట్టు ఆగాడు. "తెర కట్టుకోలేదా? మా మంగ తెర లేంది పండదమ్మా. ఇంట్ల నా కాలు జర బయటవడ్డా లేపి లోపటికి గుంజిపిస్తది. పిల్లకు దోమ కుడితె నన్ను తిడ్తది. గాడ తెర లేకుండెనా?"

సుమతి మంగ వైపు చూసింది. మూడేళ్ళుగా అమ్మగారు మాట వెతుక్కుంటే అందించడం మంగకి పనిలో భాగమే. ఇంటికొచ్చిన చుట్టాల ముందు, నాగభూషణం ముందు, గేటు దగ్గర వాచ్‌మన్ ముందు. మంగ తెరుచుకున్న ఆ ఒక్క కంటితో తిన్నగా చూస్తోంది. ఏమీ అందించలేదు.

"ఉంది," అంది సుమతి. "తెర ఉంది. మేం కట్టుకున్నాం." "మంగని వరండాలో పడుకోమన్నాను. రెండు రాత్రులూ. ఆయన కాదు, నేనే అన్నాను."

అవతల పిల్లల అరుపులు దూరమయ్యాయి, ఫోను పట్టుకుని పక్కకి నడిచాడేమో.

"ఏ ఊళ్ళె ఉన్నరమ్మా?"

"వద్దు లింగం, మేమే జాగ్రత్తగా తీసుకొస్తాం. నువ్వెందుకు అంత దూరం..."

"ఏ ఊరో చెప్పుండ్రి. నేనస్త." అరవలేదు. అరిస్తే బాగుండునని సుమతికి అనిపించింది. ఊరి పేరు చెప్పింది. ఆస్పత్రి గుర్తులు చెప్పింది. లింగం రెండోసారి అడిగి తెలుసుకుని, మంచిదమ్మా అని కూడా అనకుండా పెట్టేశాడు.

మంగ కళ్ళు మూసుకుంది. ఆమె ముఖం మీద గెలిచిన భావమేమీ లేదు, ఒంటి నొప్పికి కనుబొమ్మలు ముడుచుకున్నాయంతే. కొంతసేపటికి ఆ ముడి వదులైంది.

బయట కారు హారను మోగింది. కొంచెం ఆగి మళ్ళీ మోగింది. సుమతి స్టూలు మీద నుంచి లేవలేదు.